బొగ్గు నుంచి వాయువు: లక్ష్యానికి అసలు పరీక్ష బూడిదతోనే

రామగుండం ఎరువుల కర్మాగారంలో నేడు యూరియా తయారవుతున్నది సహజవాయువుతో. ఒకప్పుడు అదే ఊళ్లో బొగ్గుతో తయారయ్యేది. భారత ఎరువుల సంస్థ రామగుండంలోనూ, ఒడిశాలోని తాల్చేరులోనూ జంట కర్మాగారాలు నిర్మించి, 1980 నాటికి ఉత్పత్తి ప్రారంభించింది. బొగ్గును గ్యాసుగా మార్చి, దాని నుంచి అమోనియా, అమోనియా నుంచి యూరియా తీయడం వాటి పని. ఒక్కొక్క దాని వార్షిక సామర్థ్యం 4.95 లక్షల టన్నులు. రెండూ ఏనాడూ ఆ స్థాయిలో నిలకడగా నడవలేదు. బూడిద ఎక్కువగా ఉన్న బొగ్గు, విద్యుత్ కోతలు, యంత్రాల మరమ్మతులు వాటిని కుంగదీశాయి. చివరకు 1999లో రామగుండం కర్మాగారం మూతపడింది. రెండు దశాబ్దాల తరువాత 2021లో ఆ స్థలంలో కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు ముడిసరుకు బొగ్గు కాదు, గొట్టపు మార్గంలో వచ్చే సహజవాయువు. సింగరేణి గనులను ఆనుకొని ఉన్న పట్టణంలో, వందల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చే గ్యాసుతో ఎరువు తయారు కావడం వెనక ఉన్న కథ ఇదే.

ఇప్పుడు దేశం మళ్లీ బొగ్గు గ్యాసిఫికేషన్ వైపు చూస్తోంది. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసుగా మార్చాలన్నది కేంద్ర ప్రభుత్వం నిర్దేశించుకున్న లక్ష్యం. ఇందుకోసం 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రూ.8,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. అందులో ప్రభుత్వ రంగ సంస్థల ప్రాజెక్టులకు రూ.4,050 కోట్లు, ప్రైవేటు, ప్రభుత్వ సంస్థలు రెండూ పోటీపడగల విభాగానికి రూ.3,850 కోట్లు, దేశీయ పరిజ్ఞానంతో నిర్మించే ప్రదర్శన ప్లాంట్లకు, చిన్న స్థాయి ప్లాంట్లకు రూ.600 కోట్లు కేటాయించారు. లక్ష్యం పెద్దది. ప్రజాధనమూ తక్కువేమీ కాదు. కాబట్టి రామగుండంలో నాడు ఎదురైన ప్రశ్నను నేడు మళ్లీ వేసుకోవలసి ఉంది. మన బొగ్గుకు తగిన యంత్రం ఏది? అది ప్రయోగశాల దాటి పెద్ద కర్మాగారంలో నెలల తరబడి ఆగకుండా నడుస్తుందా?

ఎందుకు ఈ తొందర?

2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశ బొగ్గు ఉత్పత్తి తొలిసారి 100 కోట్ల టన్నుల మైలురాయిని దాటింది. బొగ్గు నిల్వల్లో ప్రపంచంలో ముందు వరుసలో ఉన్న దేశం మనది. అయినా ఎరువుల కర్మాగారాలకు కావలసిన సహజవాయువులో పెద్ద భాగం ద్రవీకృత రూపంలో విదేశాల నుంచి ఓడల్లో వస్తోంది. రంగులు, రెసిన్లు, మందులు, ఇంధన మిశ్రమాలకు అవసరమైన మిథనాల్‌లో అత్యధిక భాగం దిగుమతే. గనుల్లో పేలుడు పదార్థంగా వాడే అమోనియం నైట్రేటుకూ కొంత మేర అదే స్థితి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అంతర్జాతీయ గ్యాసు ధరలు భగ్గుమన్నప్పుడు, ఎరువుల సబ్సిడీ రూపంలో ఆ సెగ మన ఖజానాకు తగిలింది. పొలంలో చల్లే యూరియా బస్తా ధర మారకపోయినా, ఆ తేడాను భరించింది పన్ను చెల్లింపుదారే.

బొగ్గు గ్యాసిఫికేషన్ ఈ చిక్కుకు ఒక సమాధానంగా కనిపిస్తుంది. బొగ్గును పూర్తిగా మండించకుండా, పరిమితమైన ఆక్సిజన్‌తోనూ నీటి ఆవిరితోనూ అధిక ఉష్ణోగ్రతలో చర్య జరిపితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ప్రధానంగా ఉండే వాయు మిశ్రమం వస్తుంది. దీన్ని సంశ్లేషణ వాయువు, వాడుకలో సిన్‌గ్యాస్ అంటారు. దీని నుంచి అమోనియా, మిథనాల్, కృత్రిమ సహజవాయువు, డీజిల్ వంటివన్నీ తయారు చేయవచ్చు. ఇనుప ఖనిజాన్ని క్షయకరణం చేసి స్పాంజ్ ఐరన్ తీయడానికీ ఇది పనికొస్తుంది. చైనాలో మిథనాల్‌లో అత్యధిక భాగం బొగ్గు నుంచే వస్తోంది. అలాంటప్పుడు మనకెందుకు సాధ్యం కాదన్న ప్రశ్న సహజం.

సమాధానం బొగ్గులోనే ఉంది. మన బొగ్గులో బూడిద సాధారణంగా 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అంటే ఒక టన్ను బొగ్గు కొలిమిలోకి వెళితే అందులో 300 నుంచి 450 కిలోలు మండని మట్టి, రాయి. పైగా ఈ బూడిద తేలిగ్గా కరగదు. ప్రపంచంలో విరివిగా వాడుకలో ఉన్న గ్యాసిఫికేషన్ యంత్రాలు ఎక్కువగా తక్కువ బూడిద ఉన్న బొగ్గును దృష్టిలో పెట్టుకొని రూపొందినవి.

మూడు దారులు, ఒక చిక్కు

గ్యాసిఫికేషన్ యంత్రాల్లో ప్రధానంగా మూడు రకాలున్నాయి. మొదటిది స్థిరశయ్య. ఇందులో గడ్డలుగా ఉన్న బొగ్గు పై నుంచి మెల్లగా కిందికి జారుతుంది. ఆవిరి, ఆక్సిజన్ కింది నుంచి పైకి వెళతాయి. జర్మనీకి చెందిన లుర్గీ పద్ధతి ఇందులో ప్రసిద్ధం. ఒడిశాలోని అంగుల్‌లో జిందాల్ ఉక్కు కర్మాగారం ఈ తరహా గ్యాసుతోనే స్పాంజ్ ఐరన్ తయారీ చేపట్టింది. ఇది బూడిదను తట్టుకుంటుంది. అయితే గడ్డ బొగ్గే కావాలి, పొడి పనికిరాదు. పైగా తారు, ఫీనాళ్లతో కూడిన మురుగునీటిని శుద్ధి చేయడం పెద్ద భారం.

రెండవది పొడిబొగ్గును ఆక్సిజన్‌తో కలిపి జ్వాలగా ఎగజిమ్మే పద్ధతి. నాటి రామగుండం, తాల్చేరు కర్మాగారాల్లోని కాపర్స్ టోట్‌జెక్ యంత్రాలు ఈ కోవకు చెందినవే. నేటి ఆధునిక యంత్రాల్లోనూ ఇదే ప్రధానం. ఇందులో ఉష్ణోగ్రత చాలా ఎక్కువ. బూడిద కరిగి ద్రవమై కిందికి కారుతుంది. చర్య సెకన్లలో పూర్తవుతుంది, తారు మిగలదు. కానీ 40 శాతం బూడిద ఉన్న బొగ్గు వేస్తే, టన్నుకు 400 కిలోల మట్టిని కరిగించడానికే బోలెడంత వేడి, ఆ వేడి కోసం అదనపు ఆక్సిజన్ ఖర్చవుతాయి. బూడిద తొందరగా కరిగేందుకు సున్నపురాయి కలపవలసి వస్తుంది. తాల్చేరులో ఇప్పుడు నిర్మాణంలో ఉన్న 12.7 లక్షల టన్నుల యూరియా కర్మాగారం ఈ పద్ధతినే ఎంచుకుంది. బూడిద శాతాన్ని తగ్గించడానికి బొగ్గులో చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే పెట్‌కోక్ కలపాలని నిర్ణయించింది. 2018లో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారం మొదట అనుకున్న గడువు ఇప్పటికే దాటిపోయింది. దేశీయ బొగ్గును వాడడానికి దేశీయ బొగ్గును పలచన చేయవలసి రావడం ఇక్కడి అసలు వైరుధ్యం.

మూడవది ఫ్లూయిడైజ్డ్ బెడ్ పద్ధతి. అధిక బూడిద బొగ్గుకు అనువైనదిగా భారత ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దృష్టి పెట్టినది దీని మీదే. అందులో హైదరాబాదు పాత్ర ప్రధానమైనది.

ఇసుక నీరులా ప్రవర్తిస్తే

మరమరాలు వేయించే బట్టీ దగ్గర వేడి ఇసుకను చూసినవారికి ఒక విషయం తెలుసు. గింజ ఎక్కడ పడినా వేడి నలువైపులా ఒకేలా తగులుతుంది, క్షణాల్లో పేలుతుంది. ఇసుకను కలిపే పని అక్కడ గరిటెది. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో ఆ పని గాలి చేస్తుంది.

సన్నని రంధ్రాల పళ్లెం మీద ఇసుక పోసి, కింది నుంచి గాలి పంపితే మొదట అది రేణువుల సందుల్లోంచి వెళ్లిపోతుంది. గాలి వేగం పెంచుతూ పోతే ఒక దశలో గాలి తోపుడు రేణువుల బరువుకు సమానమవుతుంది. ఆ క్షణం నుంచి ఇసుక కుప్ప ద్రవంలా మారుతుంది. తేలికైన వస్తువు వేస్తే పైన తేలుతుంది, బరువైనది మునుగుతుంది. పాత్రకు పక్కన రంధ్రం పెడితే ఇసుక నీటిలా బయటికి కారుతుంది. ఇదే ఫ్లూయిడైజేషన్. ఘనం, వాయువు వంటి రెండు లేదా అంతకు మించిన రూపాలు కలిసి ప్రవహించడాన్ని ఇంజినీరింగ్ పరిభాషలో బహుదశా ప్రవాహం అంటారు. ఇందులో ఇదొక ముఖ్య శాఖ.

గాలి వేగం ఇంకా పెరిగితే ఉడుకుతున్న ఎసరులో లేచినట్లు బుడగలు లేస్తాయి. మరింత పెరిగితే రేణువులు గాలితో పాటు కొట్టుకుపోతాయి. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతుకు ఈ సూత్రం కొత్త కాదు. గింజ బరువుకూ పొట్టు బరువుకూ మధ్య గాలి వేగం ఉండాలి. తక్కువైతే పొట్టు పోదు, ఎక్కువైతే గింజా పోతుంది. ఒకే పరిమాణంలో లేని, మండుతూ చిన్నవవుతున్న బొగ్గు రేణువులతో, అధిక పీడనంలో, సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో, రాత్రింబవళ్లు అదే సమతూకం నిలపడమే ఈ యంత్రం ఎదుర్కొనే సవాలు.

ఈ ఆలోచనకు వయసు వందేళ్లు. జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ వింక్లర్ 1922లో బొగ్గు గ్యాసిఫికేషన్ కోసమే దీనికి పేటెంటు తీసుకున్నారు. 1926లో ల్యూనాలో తొలి పెద్ద యంత్రం నడిచింది. 1942లో అమెరికాలోని బాటన్ రూజ్‌లో ఇదే సూత్రం మీద చమురు శుద్ధి యంత్రం మొదలైంది. భారీ చమురును పెట్రోలుగా విడగొట్టే ఉత్ప్రేరకపు పొడి క్షణాల్లో మసిబారుతుంది. ఆ పొడిని ద్రవంలా ప్రవహింపజేసి పక్క గదిలో మసిని కాల్చి, వేడితో సహా తిరిగి తేవడం వల్ల ఆ ప్రక్రియ నిరంతరాయంగా సాగుతుంది. విశాఖ శుద్ధి కర్మాగారంతో సహా దేశంలోని పెద్ద రిఫైనరీల్లో ఈ యంత్రాలు నేటికీ పనిచేస్తున్నాయి. వరి ఊక కాల్చి విద్యుత్తు తీసే చిన్న బాయిలర్లలోనూ ఇదే సూత్రం ఉంది.

అధిక బూడిద బొగ్గుకు ఈ పద్ధతి ఎందుకు మేలు? ఇందులో ఉష్ణోగ్రతను బూడిద మెత్తబడే స్థాయికి దిగువనే ఉంచుతారు. కాబట్టి బూడిదను కరిగించే ఖర్చు లేదు, అది పొడిగానే బయటికి వస్తుంది. ఆక్సిజన్ తక్కువ చాలు. బొగ్గును మెత్తని పిండిగా విసరనక్కరలేదు, కొన్ని మిల్లీమీటర్ల పలుకులుగా ఉంటే సరిపోతుంది. బూడిద శాతం కొంత హెచ్చుతగ్గులైనా శయ్యలో నిల్వ ఉన్న వేడి ఆ తేడాను సర్దుకుంటుంది.

హైదరాబాదు నుంచి లఖన్‌పూర్ దాకా

భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ లిమిటెడ్ ఈ బాటలో అడుగుపెట్టి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. హైదరాబాదులోని పరిశోధన కేంద్రంలో రోజుకు 18 టన్నుల బొగ్గును గ్యాసుగా మార్చే ప్రయోగాత్మక యంత్రాన్ని, తిరుచిరాపల్లిలో 168 టన్నుల సామర్థ్యం గల యంత్రాన్ని నిర్మించింది. తిరుచిరాపల్లిలో ఆ గ్యాసుతో 6.2 మెగావాట్ల సంయుక్త విద్యుత్ ప్లాంటును నడిపి చూపింది. దాని తరువాతి మెట్టుగా ఆంధ్రప్రదేశ్ జెన్‌కోతో కలిసి విజయవాడ వద్ద 125 మెగావాట్ల ప్లాంటు కట్టాలన్న ప్రతిపాదన ముందుకు వచ్చింది. అది కార్యరూపం దాల్చలేదు. ఆ మెట్టు ఎక్కి ఉంటే నేడు దేశం చేతిలో ఏళ్ల తరబడి నడిచిన అనుభవం ఉండేది.

2021 సెప్టెంబరులో హైదరాబాదు కేంద్రం మరో ముందడుగు వేసింది. రోజుకు 1.2 టన్నుల ఫ్లూయిడైజ్డ్ బెడ్ యంత్రంలో అధిక బూడిద బొగ్గును గ్యాసుగా మార్చి, దాని నుంచి రోజుకు 0.25 టన్నుల మిథనాల్ తీసింది. దాని స్వచ్ఛత 98 నుంచి 99.5 శాతం. నీతి ఆయోగ్ చొరవతో, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చిన రూ.10 కోట్ల సాయంతో ఇది సాధ్యమైంది.

ఇక ఇప్పటి అడుగు చాలా పెద్దది. కోల్ ఇండియా 51 శాతం, భెల్ 49 శాతం వాటాతో 2024లో భారత్ కోల్ గ్యాసిఫికేషన్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఒడిశాలోని ఝార్సుగూడ జిల్లా లఖన్‌పూర్‌లో రోజుకు 2,000 టన్నుల అమోనియం నైట్రేటు తయారీ దీని లక్ష్యం. భెల్ స్వదేశీ ఫ్లూయిడైజ్డ్ బెడ్ పరిజ్ఞానమే దానికి పునాది. అంత అమోనియం నైట్రేటుకు రసాయన లెక్క ప్రకారం రోజుకు 850 టన్నులకు తగ్గని అమోనియా కావాలి. అంత అమోనియాకు మన బొగ్గు రోజుకు వేల టన్నులు కావాలి. ఇంతవరకు నడిపిన పెద్ద యంత్రం సామర్థ్యం రోజుకు 168 టన్నులు మాత్రమే. ఈ దూరాన్ని ఎలా దాటుతారన్నదే ఈ ప్రాజెక్టు భవితవ్యాన్ని, స్వదేశీ పరిజ్ఞానం పేరుప్రతిష్ఠలను నిర్ణయిస్తుంది.

చిన్న గొట్టం చెప్పని నిజం

నీటినో నూనెనో వాడే కర్మాగారాన్ని పెద్దది చేయడం ఒక రకం. గాలిలో తేలే పొడిని వాడే కర్మాగారాన్ని పెద్దది చేయడం మరో రకం. కారణం బుడగలు.

అరచేతి వెడల్పు గొట్టంలో బుడగ గొట్టం కంటే పెద్దది కాలేదు, నెమ్మదిగా పైకి పోతుంది. అందులోని వాయువుకు రేణువులను తాకే సమయం చిక్కుతుంది. పలు మీటర్ల వెడల్పు రియాక్టరులో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, వేగంగా పైకి దూసుకుపోతాయి. వాటిలోని వాయువు రేణువులను సరిగా తాకకుండానే బయటపడుతుంది. అందువల్ల ప్రయోగశాలలో 95 శాతం జరిగిన చర్య కర్మాగారంలో అంతకంటే బాగా తగ్గవచ్చు.

ఇది ఊహ కాదు, చరిత్ర. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం బ్రౌన్స్‌విల్‌లో సిన్‌గ్యాసు నుంచి పెట్రోలు తీసే హైడ్రోకాల్ కర్మాగారం కట్టారు. నమూనా యంత్రంలో చక్కగా జరిగిన చర్య పెద్ద రియాక్టరులో ఆశించిన మేర జరగలేదు. 1950లలోనే అది మూతపడింది. అదే దేశంలో మిసిసిపీ రాష్ట్రం కెంపర్ కౌంటీలో, ప్రవాహ సూత్రం మీద పనిచేసే గ్యాసిఫికేషన్ యంత్రాలతో 582 మెగావాట్ల విద్యుత్ కేంద్రం తలపెట్టారు. మొదట సుమారు 240 కోట్ల డాలర్లన్న వ్యయం 750 కోట్ల డాలర్లకు చేరింది. 2017లో బొగ్గు గ్యాసిఫికేషన్‌ను విరమించి సహజవాయువుకు మళ్లారు. 2021లో ఆ యంత్రాల కట్టడాన్ని కూల్చివేశారు. డబ్బు, నైపుణ్యం కొరవ లేని దేశంలో జరిగిన సంగతి ఇది.

అమెరికాలోని ర్యాండ్ సంస్థలో ఎడ్వర్డ్ మెరో 1980లలో చేసిన అధ్యయనం ఈ అనుభవాన్ని విస్తృతంగా నిర్ధారించింది. ఘన పదార్థాలతో పనిచేసే కర్మాగారాలు తమ రూపకల్పన సామర్థ్యాన్ని అందుకోవడంలో, ద్రవ, వాయు పదార్థాలతో మాత్రమే పనిచేసేవాటి కంటే చాలా వెనకబడి ఉన్నాయని అది తేల్చింది. పెద్ద కారణం రసాయన శాస్త్రం కాదు. పొడి అనుకున్నట్లు కదలకపోవడం, గొట్టాలు మూసుకుపోవడం, అరుగుదల వంటి పనులే. మన థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో వర్షాకాలంలో తడిసిన బొగ్గు బంకర్లలో ఇరుక్కుపోవడం ఇంజినీర్లకు, కార్మికులకు ఏటా ఎదురయ్యే అనుభవమే. అధిక పీడనంలో ఉన్న పాత్రలోకి అదే బొగ్గును నిరంతరంగా పంపవలసి వస్తే ఆ సమస్య ఎన్నో రెట్లవుతుంది.

బూడిద విషయంలోనూ ప్రమాదం పొంచి ఉంది. శయ్య సగటు ఉష్ణోగ్రత 1,000 డిగ్రీలే కావచ్చు. ఆక్సిజన్ ప్రవేశించే చోట, ప్రవాహం మందగించిన మూలల్లో, వేడి పెరిగి బూడిద అంటుకుని గడ్డ కట్టవచ్చు. ఒకసారి గడ్డ కడితే అక్కడ గాలి ఆడదు, గాలి ఆడకపోతే గడ్డ పెరుగుతుంది. చివరకు యంత్రాన్ని చల్లార్చి, మనుషులు దిగి పగలగొట్టవలసి వస్తుంది. మరోవైపు సన్నని రేణువులు పూర్తిగా చర్య జరపకుండానే గాలితో బయటికి పోతాయి. వాటితో పాటు కార్బన్ పోతుంది. సైక్లోన్లతో పట్టి తిరిగి పంపే ఏర్పాటు ఎంత బాగుంటే అంత లాభం.

దేశీయ అనుభవం కూడా ఇదే చెబుతోంది. నైవేలీలో లిగ్నైటుతో నడిచే 250 మెగావాట్ల చొప్పున రెండు ఫ్లూయిడైజ్డ్ బెడ్ యూనిట్లు, నిర్ణీత గడువుకు ఏళ్ల తరబడి ఆలస్యమై 2015లో గానీ వాణిజ్య ఉత్పత్తికి రాలేదు. అంతకుముందు దేశంలో ఆ తరహా యూనిట్లు 125 మెగావాట్ల స్థాయివి. కేవలం మండించడంలోనే, అదీ రెండింతల పెరుగుదలకే, అంత సమయం పట్టింది.

ఓపిక పట్టినవారి దారి

అలాగని ఈ దారిని వదులుకోవాలని కాదు. చైనాలో ఫ్లూయిడైజ్డ్ బెడ్ యంత్రాలు మధ్యస్థాయి కర్మాగారాల్లో మిథనాల్ తయారీకి పనిచేశాయి. దక్షిణాఫ్రికాకు చెందిన ససోల్ సంస్థ అనుభవం మరింత బోధపరుస్తుంది. 1955లో సిన్‌గ్యాసు నుంచి ఇంధనం తీసే ప్రవాహ రియాక్టర్లను అది మొదలుపెట్టినప్పుడు ఏళ్ల తరబడి తిప్పలు పడింది. వదలలేదు, తొందరపడనూ లేదు. కొత్త తరహా రియాక్టరును 1989లో 5 మీటర్ల వ్యాసంతో ససోల్‌బర్గ్‌లో నడిపి చూసుకుంది. ఆ తరువాతనే సెకుండాలో 8 మీటర్లకు, పిదప 10.7 మీటర్లకు వెళ్లింది. 1990ల చివరికి 16 పాత రియాక్టర్ల పనిని 8 కొత్తవి చేపట్టాయి. బ్రౌన్స్‌విల్‌లో విఫలమైన సూత్రానికి సమీపమైనదే ఇక్కడ విజయవంతమైంది. మెట్టు తరువాత మెట్టు ఎక్కడమే తేడా.

ఈ వెలుగులో మన పథకాన్ని పరిశీలిస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. రూ.8,500 కోట్లలో దేశీయ ప్రదర్శన ప్లాంట్లున్న విభాగానికి దక్కింది రూ.600 కోట్లు, అంటే సుమారు 7 శాతం. ఒక్కో ప్రాజెక్టుకు గరిష్ఠంగా రూ.100 కోట్లు లేదా వ్యయంలో 15 శాతం, ఏది తక్కువైతే అది. మిగతా సొమ్మంతా భారీ ప్రాజెక్టులకు. పెద్ద కర్మాగారాలకు బలం చేకూర్చవలసిన మధ్యమెట్టుకు ఇది సరిపోయే కేటాయింపు కాదు. రోజుకు 168 టన్నుల నుంచి ఒక్కసారిగా వేల టన్నులకు దూకే బదులు, అనేక వందల టన్నుల ఒక యంత్రాన్ని ముందుగా నిర్మించి, కనీసం ఏడాది పాటు రకరకాల బొగ్గుతో నడిపితే, దాని ఖర్చు తరువాత తప్పే నష్టం ముందు స్వల్పమే. ఒకే మహాయంత్రానికి బదులు పరీక్షించిన పరిమాణానికి దగ్గరగా ఉన్న యంత్రాలను పక్కపక్కన పెట్టడం మరో మార్గం. పెట్టుబడి పెరగవచ్చు గానీ ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి.

రెండవది, లెక్క చెప్పే పద్ధతి. ఎంత సామర్థ్యం స్థాపించామన్నది శంకుస్థాపన నాటి అంకె. ఎన్ని గంటలు ఆగకుండా నడిచింది, బొగ్గులోని కార్బన్‌లో ఎంత శాతం గ్యాసుగా మారింది, ఎన్నిసార్లు గడ్డ కట్టి ఆగింది అన్నవి నిజమైన అంకెలు. ప్రజాధనంతో నిర్మించే ప్లాంట్లు ఈ వివరాలను ఏటా బహిరంగపరచాలన్న షరతు పెడితే, ధన్‌బాద్‌లోని కేంద్ర గని, ఇంధన పరిశోధన సంస్థ, హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ, ఐఐటీలు వాటి మీద పనిచేయగలవు. కంప్యూటర్ నమూనాలు నేడు లక్షల రేణువుల కదలికను లెక్కగట్టగలవు. అయితే వాటిని సరిచూసుకోవడానికి పెద్ద యంత్రం నుంచి వచ్చిన కొలతలు కావాలి. విఫలమైన ప్రయత్నం వివరాలు బీరువాలో పడి ఉంటే తరువాతి తరం అదే తప్పును మళ్లీ చేస్తుంది. నాటి రామగుండం, తాల్చేరు అనుభవాల నుంచి దేశం ఎంత నేర్చుకున్నదన్నది ఇప్పటికైనా వేసుకోవలసిన ప్రశ్న.

మూడవది, బొగ్గు నాణ్యతలో నిలకడ. ఏ యంత్రమైనా 35 శాతం బూడిదకు రూపొందితే, ఒకనాడు 30, మరునాడు 45 వస్తే సతమతమవుతుంది. గనికీ కర్మాగారానికీ మధ్య బొగ్గును కడిగి, కలిపి, సమపాళ్లు చేసే ఏర్పాటు ప్రాజెక్టులో అంతర్భాగం కావాలి.

నాలుగవది పర్యావరణం. గ్యాసిఫికేషన్‌ను శుద్ధమైన బొగ్గు వినియోగంగా వర్ణించడం పరిపాటి. గంధకం, ధూళి విషయంలో అది కొంత నిజం. కార్బన్ డయాక్సైడు విషయంలో కాదు. సహజవాయువుతో పోలిస్తే బొగ్గుతో తయారయ్యే ప్రతి టన్ను అమోనియాకు ఉద్గారాలు ఎక్కువే. ఆ వాయువు గాఢమైన ప్రవాహంగా విడిపడుతుంది కాబట్టి, పొగగొట్టం నుంచి పట్టడం కంటే దీన్ని పట్టడం సులువు. కానీ పట్టిన దాన్ని వాడుకోవడమో భూగర్భంలో నిల్వ చేయడమో జరగకపోతే ఆ సౌలభ్యానికి అర్థం లేదు. మహానది, గోదావరి పరీవాహక ప్రాంతాల్లోని బొగ్గు జిల్లాలకు నీటి వినియోగం, బూడిద గుట్టలు ఇప్పటికే పెద్ద సమస్యలు. కొత్త కర్మాగారాల లెక్కలో ఇవీ ఉండాలి.

సింగరేణి ప్రాంతానికి ఈ చర్చతో నేరుగా సంబంధముంది. విద్యుత్ రంగంలో సౌరశక్తి వాటా పెరుగుతున్న కొద్దీ బొగ్గు గనుల మీద బతికే మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం వంటి జిల్లాలకు బొగ్గుతో మరో ఉపయోగం కావాలి. గ్యాసిఫికేషన్ ఆ ఆశను చూపుతోంది. అయితే 1999లో కర్మాగారం మూతపడినప్పుడు ఉపాధి కోల్పోయిన కుటుంబాల జ్ఞాపకం రామగుండంలో ఇంకా చెరగలేదు. ఆ ప్రాంతానికి మరోసారి హామీ ఇచ్చే ముందు, లఖన్‌పూర్‌లో నిర్మించే యంత్రం మన బొగ్గుతో, మన వర్షాకాలంలో, నిర్ణీత సామర్థ్యంతో ఏడాది పొడవునా నడిచి చూపాలి. 10 కోట్ల టన్నుల లక్ష్యానికి గడువు 2030 అని రాసుకున్నా, దాన్ని సాధించేది ఆ ఏడాది పొడవునా నడిచిన యంత్రమే.